హ్యామో పిలాతును మరిచిన రోజు

ప్రభువు తిరిగి లేచిన పాస్కా పండుగ వెళ్ళిన వారానికి, కోళ్ళు గూట్లోంచి దిగే వేళకి, ఎమ్మట్‌కి ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతి ఊరందరికన్నా ముందు నాకే తెలిసింది. ఎమ్మట్ అత్తగారు ఇవెట్టా చర్చి గోడ అవతలి నుంచే కేకేసింది.

"ఓ ఉపదేశీ! ఓడో! తొట్టి తాళం తియ్యవయ్యా. మనవరాలొచ్చింది!"

మా ఊళ్ళో బిడ్డ పుట్టిన పూటే జ్ఞానస్నానం అయిపోవాలి. పసిగుడ్డు ప్రాణం గాలిలో దీపం కదా, ఎవరూ మర్నాటిదాకా ఆగరు. జ్ఞానస్నానపు తొట్టి మూతకి తాళం ఉంటుంది, దాని చెవి నా దగ్గరుంటుంది. గంట కొట్టడం, చర్చిలో పూజ నడిపే గురువుగారికి జవాబులు చెప్పడం, చిన్నా పెద్దా అందరికీ జపాలు నేర్పడం, ఆదివారాలు ఇంటింటికీ వెళ్ళి తీర్థం చల్లి రావడం, ఇవీ నా పనులు. ఆక్స్‌ఫర్డ్‌లో కొన్నేళ్ళు తర్కం చదివాను. గురువు కావలసినవాణ్ణే. మధ్యలో అవిస్ కనపడింది. గురువులకి పెళ్ళి కూడదు కనక, ఆమెను చేసుకుని ఉపదేశిగా స్థిరపడ్డాను. ఆమె పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు.

"తల్లీ బిడ్డా క్షేమమేనా?" అన్నాను.

"బిడ్డ ఏడుపు వింటే తెలుస్తుంది, అచ్చం నా గొంతే. తల్లే, ఏమిటో, కడుపులోంచి బిడ్డ బయటపడ్డాక కూడా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మొదటి కాన్పు కదా."

"జ్ఞానతల్లులు ఎవరు?"

"బీరు కాచే సబీనా, దాని చెల్లెలు. జ్ఞానతండ్రి మన హ్యామో."

నా చేతిలో చీపురు ఆగింది. "హ్యామోనా?"

"ఏం, వాడికేం తక్కువ? నా కొడుకు పోయినప్పటి నుంచీ చలికాలమంతా కట్టెలు కొట్టి పడేసింది వాడు. ఇంటి కప్పు సర్దింది వాడు. ఒక్క పెన్నీ ముట్టలేదు. అట్లాంటివాడు పరాయివాడిగా ఎందుకుండాలి? ఈ పూటతో మా ఇంటివాడైపోతాడు. వాడితో చెప్పేశాను కూడా. సంతోషం పట్టలేక నోట మాట రాలేదు వెధవకి."

ఇవెట్టా సబీనా ఇంటివైపు గబగబా వెళ్ళిపోయింది. నేను చీపురు గోడకి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాను.

బిడ్డను తొట్టిలోంచి ఎత్తిన జ్ఞానతండ్రి ఆ బిడ్డ తల్లికి దేవుడి ఎదుట తోడబుట్టినవాడవుతాడు. ఇక వాళ్ళిద్దరికీ పెళ్ళి వరస కలవదు. ఏ బిషప్పుగారి కాళ్ళు పట్టుకున్నా కలవదు. ఈ సంగతి మా ఊళ్ళో మేకలు కాసేవాడికి కూడా తెలుసు. అయినా ఇవెట్టాకి తట్టలేదు. ఆవిడ కళ్ళకి ఎమ్మట్ ఇంకా థర్స్టన్ భార్యే. నిరుడు కోతలయ్యాక మిఖాయేలు పండుగకి జ్వరంతో పోయిన కొడుకు, ఆవిడ లెక్కలో, ఎక్కడికో పొలానికి వెళ్ళాడు.

నాకు ఎందుకు తట్టిందంటే, ఇంటింటికీ తీర్థం చల్లేవాడి కంట చాలా పడతాయి. హ్యామో గడ్డి కప్పులు వేసేవాడు, మా చుట్టుపక్కల అతన్ని మించిన పనివాడు లేడు. అలాంటివాడు ఈ చలికాలంలో ఎమ్మట్ ఇంటి కప్పు ఒకే మూల మళ్ళీ మళ్ళీ విప్పి కట్టాడు. ఆ మూల ఏనాడూ కారలేదు.

గిన్నెలో నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. తొట్టిలో నీళ్ళు పాస్కా నాడు మంత్రించినవి, మంచులా ఉంటాయి. పసిపిల్లలొచ్చే రోజున కాసిని వేన్నీళ్ళు కలుపుతాను. ఆ మాట గురువుగారిని ఎన్నడూ అడగలేదు. ఆయనా తొట్టిలోంచి ఆవిరి వస్తుంటే ఎన్నడూ చూడలేదు.

నీళ్ళు కాగకముందే హ్యామో వచ్చాడు. నెత్తిమీది టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు.

"ఉపదేశి గారూ, ఒక మాట. జ్ఞానతండ్రిగా రమ్మంటే రాననొచ్చునా?"

"అనొచ్చు. అన్నవాణ్ణి మాత్రం నేను చూడలేదు."

"అంటే ఏమవుతుంది?"

"ఎందుకు రానన్నాడని ఊరంతా అడుగుతుంది. బిడ్డ పుట్టుకలోనే ఏదో మచ్చ ఉందంటారు. నిజమైన కారణం చెబితే అది కాదని తేలుతుంది. చెబుతావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఏం కారణం?"

"నన్నడుగుతావేమిటి? ఆ ఇంటి కప్పునడుగు."

హ్యామో అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. తరవాత టోపీతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు: "థర్స్టన్ నా నేస్తగాడు. వాడి సమాధి మీద గడ్డయినా సరిగ్గా మొలవలేదు. ఇప్పుడు నోరు విప్పితే నన్ను కాదు, ఎమ్మట్‌ని అంటారు. మొగుడు పోయి ఏడాది తిరక్కుండానే అని."

"ఆమెతో ఏమన్నా అన్నావా?"

"ఏమీ అన్లేదు. ఒకరోజు ఆమే అడిగింది, 'ఏటికేడూ మా ఇంటికి నువ్వే గడ్డి వేస్తావా?' అని. 'వేస్తా' అన్నాను."

"ఆ తరవాత?"

"ఆ తరవాత ఏముంటుందండీ? అంతే." అతను తలెత్తాడు. "కానీ నాకు తెలుసు. ఆమెకీ తెలుసు."

ఇంతకన్నా తక్కువ మాటలతో కుదిరిన సంబంధాలు నేనెరుగుదును. నాదీ అవిస్‌దీ అలాంటిదే.

"ఇవెట్టమ్మతో నేను చెప్పనా?"

"వద్దు! మీకు పుణ్యముంటుంది. ఎవ్వరితోనూ అననని నాకు మాటివ్వండి. ఆ ముసలామె కొడుకుని పోగొట్టుకుంది. కోడలు కూడా పోతుందని ఈ పూట చెబుతామా?"

మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండవలసిందేమో. కాని అతని ముఖం చూస్తే ఇవ్వక తప్పలేదు.

"మరయితే ఏం చేద్దాం?" అన్నాడు.

"జపాలు రానివాణ్ణి గురువుగారు జ్ఞానతండ్రిగా ఒప్పుకోరు. అది నియమం."

"నాకు వచ్చు కదండీ."

"వచ్చు. నేర్పింది నేనే."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. హ్యామో గొంతు తగ్గించాడు. "విశ్వాస సంగ్రహం కావాలని తప్పు చెబితే పాపం కాదూ?"

"తప్పు చెబితే పాపమే. మధ్యలో ఆగిపోతే పాపమని ఎక్కడా చదవలేదు."

ఆక్స్‌ఫర్డ్ తర్కం నాకు ఉపయోగపడడం బహుశా అదే మొదటిసారి.

ఎండ బాగా ఎక్కేసరికి అందరూ చర్చి వసారాలో చేరారు. మంత్రసాని బిడ్డను తెల్లటి గుడ్డలో చుట్టి పట్టుకుంది. సబీనా, చెల్లెలు పండుగ బట్టల్లో వచ్చారు. ఇవెట్టా కొడుకు పెళ్ళినాటి నడుం పట్టీ కట్టుకుంది. పిలవకపోయినా సగం ఊరు వచ్చింది, ఎందుకంటే జ్ఞానస్నానం తరవాత సబీనా బీరు పీపా తెరుస్తుందని అందరికీ తెలుసు. తల్లి రాలేదు. నలభై రోజుల శుద్ధి అయ్యేదాకా మా ఆడవాళ్ళు గుమ్మం దాటరు.

వారిన్ గురువుగారు వచ్చారు. మంచివారు, ఒంటికి తగ్గ ఆకలి ఉన్నవారు, కొంచెం చెవుడు. "ఆడా మగా? ఇంట్లో ఎవరన్నా నీళ్ళు పోశారా?" అని అడగవలసినవి అడిగారు. బిడ్డ నుదుట శిలువ గుర్తు వేసి, నాలుక మీద ఉప్పు గింజ పెట్టారు. బిడ్డ ముఖం చిట్లించింది. జనం మురిసిపోయారు.

"ఇక జపాలు. జ్ఞానతండ్రి ముందుకు రావాలి."

హ్యామో వచ్చాడు. పరలోక జపం మొదలుపెట్టాడు. ఎక్కడో ఆగుతాడని చూస్తున్నాను. ఆగలేదు. పాపం, ఆగాలనే ఉంది, నాలుక వినలేదు. చిన్నప్పటి నుంచీ పట్టిన జపం, బండి వాలులో దిగినట్టు చివరిదాకా దిగిపోయింది. మంగళవార్త జపమూ అంతే. నా శిష్యుల్లో అతనే మేటి అని అప్పటిదాకా గర్వపడేవాణ్ణి. ఆ పూట మాత్రం ఎందుకు నేర్పానా అనిపించింది.

నమ్మిందంతా వరసగా ఒప్పజెప్పే విశ్వాస సంగ్రహం దగ్గర మాత్రం సగంలో పళ్ళు బిగించాడు. ప్రభువు ఏ రోమా అధికారి కాలంలో పాట్లు పడ్డాడో చెప్పవలసిన చోట నోరు మూతపడింది.

గురువుగారు ఆగారు. జనం ఆగారు.

"పిలాతు," అని సబీనా గొణిగింది.

హ్యామో టోపీని ఇంకో మెలిక తిప్పాడు.

"పొంతు పిలాతురా!" అని వెనకనుంచి కమ్మరి అరిచాడు. "మీ మామ పేరు మర్చిపో, నష్టంలేదు. పిలాతుని మర్చిపోతావేంట్రా?"

"బెదిరిపోయాడర్రా పాపం. నెమ్మదిగా, నాయనా. పి... లా..."

"నీళ్ళతో చేతులు కడుక్కున్నాడే, వాడు!"

"హ్యామో బాబూ, నా నోరు చూడు. పి..."

ఊరు అతన్ని ప్రేమించడమే అతని కొంప ముంచింది. వసారా అంతా పిలాతు పేరుతో మారుమోగింది. రోము నగరంలో కూడా ఆయన్ను అన్నిసార్లు పిలిచి ఉండరు. హ్యామో నుదుటి మీద చెమట పట్టింది, పెదవులు మాత్రం కదలలేదు.

ఇవెట్టా అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "ఒరేయ్! నా పరువు తీస్తున్నావు. చెప్పరా!"

గురువుగారు నవ్వారు. "పోనీలే, ఇవెట్టా. మంచివాడు. గుండె నిండా విశ్వాసం ఉంది, నోట్లోకి రావడం లేదు. నేను ఒక్కొక్క మాటా చెబుతాను, నా వెనకాల చెప్పు నాయనా, చాలు."

హ్యామో నావైపు చూశాడు. నీళ్ళలో మునిగేవాడు ఒడ్డున ఉన్నవాడిని చూసే చూపు అది. గురువుగారు చెప్పింది నియమంలో ఉన్నదే. దయతో చెప్పారు. ఆ దయకి నేనేమీ అడ్డు చెప్పలేను. మాటిచ్చాను కాబట్టి నిజమూ చెప్పలేను.

కాని క్రమం నా చేతిలో ఉంది. జ్ఞానతండ్రికీ తల్లులకీ గురువుగారు ఒక హెచ్చరిక చదవాలి. మామూలుగా అది తొట్టి దగ్గర అన్నీ అయ్యాక, అందరూ వాకిలి వైపు నడుస్తుండగా చదువుతారు. ఎవరూ వినరు.

"గురువుగారూ," అన్నాను గట్టిగా, "పోయినసారి మీరు హెచ్చరిక చదివేసరికి వీళ్ళందరూ సబీనా ఇంట్లో ఉన్నారు. ఈసారి ముందే చదివేస్తే? విన్నాకే బీరు."

"మంచి మాట!" అన్నారు గురువుగారు. ఆయనకి ఆ సంగతి ఎన్నాళ్ళనుంచో మనసులో ఉంది. గొంతు సవరించుకున్నారు. "జ్ఞానతల్లిదండ్రులారా, వినండి. బిడ్డకు ఏడేళ్ళొచ్చేదాకా నిప్పూ నీరూ గుర్రం కాళ్ళూ దగ్గరికి రానివ్వకండి. జపాలు నేర్పండి. ఇక ఈ క్షణం నుంచి బిడ్డ జ్ఞానతండ్రి బిడ్డ తల్లికి దేవుని ఎదుట సోదరుడు, వారికి..." అని మిగిలింది గడ్డంలోనే కలిపేశారు.

"చివరి మాట వెనకవాళ్ళకి వినపడలేదట, గురువుగారూ."

"ఆఁ?"

"వినపడలేదట!"

ఆయన చెవిటివాళ్ళు అరిచినట్టు అరిచారు: "హ్యామో ఎమ్మట్‌కి సోదరుడు! వాళ్ళిద్దరికీ బతికున్నన్నాళ్ళూ పెళ్ళి కుదరదు! వినపడిందా?"

వినపడింది. సమాధుల గోడ మీది కాకులకి కూడా వినపడింది.

వసారాలో పిలాతు పేరు ఆగిపోయింది. సబీనా నోరు తెరిచి, మూసి, చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది. మంత్రసాని ఎందుకో బిడ్డ గుడ్డ సర్దడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచీ కాన్పు గదిలో ఏం చూసిందో మరి. కమ్మరి ఏదో అనబోతే అతని భార్య కాలు తొక్కింది.

ఇవెట్టా హ్యామోని చూస్తోంది. హ్యామో నేలను చూస్తున్నాడు. చేతుల్లో టోపీ తాడులా మెలితిరిగి ఉంది. మెడ దాకా ఎరుపు.

ఆవిడ ముఖంలో ఏం నడిచిందో నేను చెప్పలేను. చలికాలపు కట్టెలు, విప్పి కట్టిన కప్పు, పొద్దుటి నుంచీ ఆగని కోడలి కన్నీళ్ళు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడి ఉంటాయి. వసారా నుంచి చూస్తే సమాధుల మధ్య ముసలి యూ చెట్టు, దాని పక్కన థర్స్టన్ సమాధి కనపడతాయి. ఇవెట్టా అటు తిరిగింది. అటే చూస్తూ ఉండిపోయింది. బిడ్డ ఒకసారి తుమ్మింది. ఆవిడ అప్పటికీ ఇటు తిరగలేదు. కొడుకు చచ్చిపోయాడని ఆవిడ నిజంగా ఒప్పుకున్నది ఆ కాసేపట్లోనేనేమో.

తరవాత ఒక్కసారిగా వెనక్కి తిరిగి, చేతులు నడుం మీద పెట్టుకుంది.

"గురువుగారూ, నాకీ జ్ఞానతండ్రి వద్దు!"

"ఆఁ?"

"వద్దంటున్నాను! పిలాతు పేరు రానివాడు నా మనవరాలికి జపాలేం నేర్పుతాడు? రేపు అది కూడా వీడిలాగే నోరు తెరుచుకుని నిలబడుతుంది. జరగరా పక్కకి!"

"పెద్దమ్మా..."

"నోర్ముయ్! ఊరందరి ముందూ నా తల కొట్టేసినట్టు చేశావు. ఇంక నా గడప తొక్కకు. ముందు జపం నేర్చుకో. మిఖాయేలు పండుగకి మా థర్స్టన్ ఏడాది పూజ చేయిస్తున్నాను. అది అయ్యాక, అయ్యాకే, నా దగ్గరికొచ్చి తప్పులేకుండా అప్పజెప్పు. అప్పుడు చూద్దాం." ఆవిడ నడుం పట్టీ ముడి సర్దుకుంది. "అప్పుడు గడప సంగతి చూద్దాం. విన్నావా?"

"విన్నాను, పెద్దమ్మా," అన్నాడు హ్యామో. అతని కళ్ళ నిండా నీళ్ళు. అవమానంతో ఏడుస్తున్నాడని గురువుగారు జాలిపడ్డారు.

"మరి కట్టెలో?" అన్నాడు కాసేపాగి, నెమ్మదిగా.

"కట్టెలు పెరట్లో ఉంటాయి. పెరటికి గడపుందా, మొద్దు వెధవా?"

వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఊరు ఒక నిర్ణయానికి వచ్చింది: ఈ సంగతి తెలిసింది, తెలియనట్టే ఉండాలి. మా ఊరివాళ్ళకి నోరు పెద్దదే. అవసరమైనప్పుడు దాన్ని మూయడమూ తెలుసు.

"అయితే బిడ్డను ఎవరెత్తుతారు?" అన్నారు గురువుగారు, ఆకలి గుర్తొచ్చి.

ఇవెట్టా చుట్టూ చూసింది. ఆవిడ చూపు నా మీద ఆగింది. ఆ చూపులో ముందుగా ఒక అనుమానం ఉంది: హెచ్చరిక ముందుకెందుకు జరిగిందని. నేను తొట్టి తాళంచెవి వైపు చూసుకున్నాను.

"ఇదిగో, ఈ ఉపదేశి. ఈయనకి జపాలొచ్చు. ఇంకేవేవో కూడా వచ్చు. రావయ్యా, ఓడో."

"అతనే నాకు జవాబులు చెప్పాలి కదా!" అన్నారు గురువుగారు.

"రెండూ చెబుతాడు. నోరు ఒకటే అయినా తెలివి రెండు రకాలు."

అలా ఆ పూట సాతానును విసర్జిస్తున్నావా అని గురువుగారు అడిగితే, బిడ్డ తరఫున "విసర్జిస్తున్నాను" అన్నాను. గురువుగారి ప్రార్థనలకి ఉపదేశిగా "ఆమెన్" అన్నాను. మధ్యలో ఒకచోట తడబడి రెండూ ఒకేసారి అన్నాను. తొట్టి దగ్గర గురువుగారు బిడ్డను మూడుసార్లు ముంచి, సబీనా అని జ్ఞానతల్లి పేరే పెట్టి, నా చేతుల్లో పెట్టారు.

తడిగా, వెచ్చగా, కుందేలు పిల్లంత బరువు. అవిస్ ఉన్నప్పుడు ఇంట్లో ఒక ఊయల చేయించాం. దాన్ని తరవాత ఉల్లిపాయలు పోసుకోవడానికి వాడుకున్నాను. ఆ బిడ్డ నా బొటనవేలు పట్టుకుని, ఇది నాదే అన్నట్టు వదలలేదు. నూనె రాసిన తలకి తెల్లగుడ్డ కట్టడానికి మంత్రసాని వచ్చి ఆ వేలు విడిపించవలసి వచ్చింది.

మేము ఇవెట్టా ఇంటికి చేరేసరికి సబీనా పీపా తెప్పించి తెరిచింది. బల్ల మీద రొట్టె, జున్ను, ఉడికించిన గుడ్లు. హ్యామో పెరట్లో కట్టెలు కొడుతున్నాడు, ఎవరో అతనికి గోడమీంచి చెంబుడు బీరు అందించారు. బాలింత గదికి దుప్పటి అడ్డం కట్టి ఉంది. మగవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. జ్ఞానతండ్రి ఆ దుప్పటి దాకా బిడ్డను తెచ్చి ఇవ్వడం ఆచారం.

"అమ్మా ఎమ్మట్, నీ బిడ్డ. క్రైస్తవురాలైంది," అని లోపలున్న మంత్రసాని చేతికి అందించాను.

దుప్పటి అవతల నుంచి చాలా సన్నటి గొంతు: "ఎవరండీ అది?"

"ఓడోని. ఉపదేశిని."

"మీరెందుకు తెచ్చారు? హ్యామో... హ్యామో ఎత్తలేదా?"

"అతను వచ్చాడమ్మా. విశ్వాస సంగ్రహం మధ్యలో మరిచిపోయాడు. మీ అత్తగారు ఊరందరి ముందూ చీవాట్లు పెట్టి పంపేసింది. బిడ్డను నేనెత్తాను."

"మరిచిపోయాడా? హ్యామోనా?"

"పిలాతు దగ్గర."

ముందు మంచం కిర్రుమంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు. నవ్వుతోంది. నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని, ఊపిరందక, నవ్వుతోంది. "ఆ వెర్రివాడు కప్పు మీద కూచుని రోజూ ఆ జపమే చదువుతాడండీ," అంది మధ్యలో, "గడ్డి మోపు మోపుకీ ఒకసారి!" మళ్ళీ నవ్వింది. మంత్రసాని "నెమ్మది తల్లీ, పచ్చి బాలింతవి" అని కసురుతూ తనూ నవ్వింది.

ఇవెట్టా నా వెనకే నిలబడి ఉంది. చేతిలో రొట్టె కోసే కత్తి. ఆ నవ్వు వింటూ దుప్పటి వైపు చూస్తోంది. చాలా నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ అలా నవ్వలేదని నాకు తట్టింది.

"అత్తయ్యా," అని లోపలి నుంచి పిలుపు. "అత్తయ్యా, ఉన్నావా?"

"ఉన్నాను. ఎక్కడికి పోతాను?"

"నాకు ఆకలేస్తోంది."

"పొద్దుటి నుంచీ గొంతు చించుకున్నాను, ఒక్క ముద్ద తిననంది!" అని ఇవెట్టా నామీద అరిచింది, నేనేదో తప్పు చేసినట్టు. బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టెలో మంచి భాగం, మధ్యది, మందంగా కోసింది. దాని మీద జున్ను పెట్టింది. మరికాస్త పెట్టింది. రెండు గుడ్లు ఒలిచి పక్కన పెట్టింది. అన్నీ ఒక చెక్క పళ్ళెంలో సర్ది, చెయ్యి ఎత్తి దుప్పటి పక్కకి తోసి, లోపలికి వెళ్ళింది.